హైమవతి, ఆంధీ, నా విజిల్

నాకు భయం. దేనికి భయమని అడిగితే చెప్పడం కష్టం. దేనికి కాదో అడిగితే త్వరగా తెమిలిపోతుంది. లిఫ్టంటే భయం, గీజరంటే భయం. కుక్కరు రెండో కూత కాస్త ఆలస్యమైతే వంటింటి గుమ్మం దాటి బయటికి వచ్చేస్తాను. మా సెక్షన్లో పనిచేసే శ్రీరాములు కొత్తగా చేరినవాళ్ళకి నన్ను పరిచయం చేసేటప్పుడు, "సదాశివరావుగారండీ. పచ్చలైటు వెలిగినా కాస్త ఆలోచించి గానీ రోడ్డు దాటరు" అంటాడు. నవ్వుకోనివ్వండి. ఈ ఢిల్లీలో ఇన్నేళ్ళు కాలో చెయ్యో విరక్కుండా బతికానంటే అది నా భయం పెట్టిన భిక్షే.

అలాంటివాడికి ఆ దేవుడు హైమవతిని కట్టబెట్టాడు. ఆయనకి వేళాకోళం ఎక్కువ.

ఆర్.కె. పురంలో మా క్వార్టర్స్‌కి వచ్చి హైమవతి ఎవరని అడిగితే కూరల బండి భయ్యా కూడా చెబుతాడు. కళ్ళజోడు, నూలు చీర, భుజాన గుడ్డసంచి. ఒక మంత్రిత్వశాఖలో స్టెనో. వేసవిలో ఆవకాయ పెట్టి మా మెట్లమీదున్న ఇళ్ళన్నిటికీ పంచుతుంది. యాభై దాటింది, ఎడమ మోకాలు నొప్పి, గట్టిగా మాట్లాడదు. ఆదివారం పొద్దున్నే ఆ సంచి పుచ్చుకుని వెళుతుంటే ఏ గుడికో అనుకుంటారు అందరూ. సంచిలో ఏముంటుందో నాకు తెలుసు. పాత సల్వారు, రబ్బరు బూట్లు, ఎండకి టోపీ. ఆవిడ ఓఖ్లా వెళుతుంది. అక్కడ యమున మీద ఓ చిన్న క్లబ్బుంది. అందులో తెరచాప పడవ ఎక్కుతుంది. ఒక్కతే. ఇంజను లేదు, మోటారు లేదు, గాలి తప్ప మరో దిక్కు లేదు. ఆ పడవని గంటకి నలభై కిలోమీటర్లు దాటించాలని ఆవిడ పంతం.

నలభై అంటే బస్సులో కూర్చున్నవాడికి ఏముంది, నిద్రొస్తుంది. పడవలో అలా కాదు. నీళ్ళు మనకి అరచెయ్యంత దూరంలో ఉంటాయి. పడవ బోర్లాపడకుండా మనిషి బయటికి వాలి, నీళ్ళమీద వెల్లకిలా పడుకున్నట్టు వేలాడాలి. పట్టుకోడానికి ఒక తాడు. అంతే. మొదటిసారి చూసిన రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇదంతా మా అమ్మాయి ప్రవల్లిక వల్ల వచ్చింది. దాని చిన్నప్పుడు వేసవి సెలవుల్లో పడవలు నేర్పుతారంటే ఆ క్లబ్బులో చేర్పించాం. వారం తిరక్కుండా "పాపా, పానీ మే బద్బూ హై, మై నహీ జావూంగీ" అని ముక్కు మూసుకుని వచ్చేసింది. నీళ్ళు కంపు కొడుతున్నాయట. అందులో అబద్ధమేమీ లేదు. అక్కడ యమున అంటే నల్లటి నీళ్ళు, నీళ్ళమీద తెల్లటి నురగ, నురగ పక్కన పచ్చగా గుర్రపుడెక్క. అందులో పడ్డవాడు మునగక్కర్లేదు, ఒక్క గుక్క మింగితే చాలు. కట్టిన ఫీజు వాపసు రాదన్నారు క్లబ్బువాళ్ళు. "అయితే మిగతా రోజులు నేను పోతానండీ" అంది హైమవతి. నేను నవ్వాను. ఆ క్లబ్బు విషయంలో నేను నవ్వింది అదే ఆఖరు.

తర్వాత తెలిసింది, ఈ పిచ్చి యమునలో పుట్టింది కాదు, గోదావరిలో పుట్టిందని. హైమవతి వాళ్ళ నాన్న కోటిపల్లి రేవులో లాంచీ మీద టిక్కెట్లు ఇచ్చేవాడు. ఆయనకి ఆ లాంచీ అంటే సొంత కొడుకు ఐ.ఏ.ఎస్. అయినంత గొప్ప. "మాది నలభైలో పోద్ది!" అని ఎక్కిన ప్రతివాడికీ చెప్పేవాడట. చిన్నప్పుడు ఒక రోజు హైమవతి లాంచీలో కూర్చుని ఉండగా కొబ్బరికాయల లోడుతో ఓ తెరచాప నావ వెనకనుంచి వచ్చి, పక్కకి వచ్చి, దాటేసి వెళ్ళిపోయింది.

"చప్పుడు లేదండీ" అంటుంది ఎప్పుడు చెప్పినా. "మా లాంచీ దడదడలాడిపోతోంది, పొగ కక్కుతోంది. అదేమో చప్పుడే లేకుండా దాటేసింది. దాన్నెక్కినాయన చుట్ట కాలుస్తూ మా నాన్న వంక చూసి నవ్వాడు."

"మీ నాన్న కోతలు కోశాడే. ఆ డొక్కు లాంచీ పదిలో పోయేదో లేదో. పదిని దాటడానికి నావకి పదకొండు చాలు."

"పోతే పోనీండి. నాకు నలభై అనే తెలుసు. నలభైని గాలి దాటింది. నేను చూశాను."

మామగారు పోయి చాలాకాలమైంది. ఆయన కోసిన కోత మాత్రం నా మెడకి చుట్టుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే నాకెవరూ అర్థం చెప్పక్కర్లేదు.

పోనీ ఢిల్లీలో గాలి ఉండదు కదా అని మొదట్లో ధైర్యం చెప్పుకున్నాను. నిజమే, ఉండదు. చలికాలం పొగ, వానాకాలం ఉక్క. తెరచాప తడిగుడ్డలా వేలాడుతుంది. క్లబ్బులో కుర్రకారు కూడా పదిహేను, ఇరవై దగ్గర సరిపెట్టుకుంటారు. కానీ మే, జూన్ నెలల్లో ఒకటొస్తుంది. దాన్ని ఇక్కడ ఆంధీ అంటారు. మధ్యాహ్నమంతా కాగి కాగి ఉన్నట్టుండి పడమటి వైపు ఆకాశం మట్టిరంగుకి తిరుగుతుంది. దుమ్ము గోడ కట్టినట్టు లేచి ఊరిమీదికి వచ్చేస్తుంది. చెట్లు కూలతాయి, రేకులు లేచిపోతాయి. ఊరంతా ఆరేసిన బట్టలు లాక్కుని, కిటికీలు బిగించుకుని లోపలికి పరిగెత్తే ఆ వేళ, మా ఆవిడ బయటికి పరిగెడుతుంది. ఎందుకంటే నలభై దాటించే గాలి ఈ ఊళ్ళో అదొక్కటే. అది కూడా మొదటి దెబ్బలోనే. దుమ్ము పూర్తిగా కమ్మేసేలోగా ఆ దెబ్బని అందుకుని, పరుగు ముగించి, తాడు వదిలెయ్యాలి. కొరివితో తల గోక్కోవడం అని మా నాయనమ్మ అనేది, ఆవిడ ఇది చూడలేదు పాపం.

ఇందులో ఇంకో కిటుకుంది. గాలి ఎక్కువైతే అలలు లేస్తాయి, అలలు లేస్తే పడవ ఎగిరెగిరి పడి వేగం చస్తుంది. అందుకని గాలి ఏ గట్టు మీంచి వీస్తుందో ఆ గట్టుని ఒరుసుకుంటూ పోవాలి. అక్కడ తెరచాపకి గాలి అందుతుంది, నీళ్ళింకా అలలుగా లేవవు, పళ్ళెంలో పోసినట్టుంటాయి. ఆంధీ మా గట్టు మీంచే వస్తుంది. కాబట్టి హైమవతి మా గట్టుని ఆనుకునే కిందికి దూసుకొస్తుంది. మొదలు ఒక తెల్ల స్తంభం, ముగింపు ఎర్రటి ప్లాస్టిక్ పీపాల వరస. గొలుసుకి కట్టిన ఆ పీపాలు నది కడ్డంగా తేలుతుంటాయి. వాటికవతల బ్యారేజీ గేట్లు.

ఆ గేట్లు నేను ఒకసారి వెళ్ళి చూశాను. చూడకుండా ఉండాల్సింది. పరుపంత గుర్రపుడెక్క దుబ్బులు మెల్లగా తేలుతూ వెళ్ళి, గేటు దగ్గర ఒక్కసారి నోరు తెరిచి మింగినట్టు కిందికి పోయి మాయమైపోతున్నాయి. మళ్ళీ పైకి రావడం నేను చూడలేదు. క్లబ్బు మోటారు పడవ నడిపే నవదీప్‌ని అడిగాను, వేగంగా వచ్చే పడవని ఆ పీపాలు ఆపుతాయా అని. నేవీలో చేసి వచ్చిన సర్దార్జీ ఆయన. నా వయసువాడే. హైమవతికి పడవ నేర్పింది కూడా ఆయనే. గడ్డం సవరించుకుని, "ధీరే ఆయే తో రోకేగా. తేజ్ ఆయే తో ఊపర్ సే కూద్ జాయేగీ, భాయీసాబ్" అన్నాడు. మెల్లగా వస్తే ఆగుతుందట, వేగంగా వస్తే మీంచి దూకేస్తుందట. మా ఆవిడ వచ్చేదే వేగం కోసం. అందుకని ఆవిడ పరుగు తీసినప్పుడల్లా నవదీప్ మోటారు పడవ పీపాల దగ్గర కాపలా ఉండాలని షరతు.

మరి నా పనేమిటంటే, గట్టు మీద నిలబడటం. నాకు ఈత రాదు. నీళ్ళలోకి దిగలేను, ఇంట్లో కూర్చోలేను. మొదట్లో గట్టు మీంచి "హైమా, చాలే! వచ్చెయ్!" అని అరిచేవాణ్ణి. నా అరుపులు భరించలేక నవదీప్ నాకొక విజిల్ ఇచ్చాడు. మూడు కూతలంటే వెనక్కి రమ్మని క్లబ్బు గుర్తు. గాలి మా గట్టు మీంచే నీళ్ళమీదికి వీస్తుంది కాబట్టి ఎంత హోరులోనైనా అది ఆవిడకి వినిపిస్తుంది. ఇక చూసుకోండి. మబ్బు కనపడితే మూడు, పడవ కాస్త ఒరిగితే మూడు, దూరాన పైనెక్కడో ఉరిమితే మూడు. హైమవతి వెనక్కి తిరక్కుండానే ఎడం చెయ్యి ఎత్తి ఊపేది. విన్నాలెండి అని. ఒక్కసారైనా తిరిగి రాలేదు.

"సీటీ కమ్ బజావో, భాయీసాబ్. శేర్ ఆయా, శేర్ ఆయా హో జాయేగా" అని నవదీప్ నవ్వేవాడు. విజిల్ కాస్త తగ్గించమని. మన నాన్నా పులి కథే, వాళ్ళకీ ఉంది.

ఒక రోజు భోజనాల దగ్గర అడిగేశాను. "నేనంతలా ఊదుతుంటే నీకు వినపడదా?"

"వినపడుతుంది."

"మరి?"

"మన గదిలో ఫ్యాను చప్పుడు చేస్తుందా లేదా? పడుకున్నాక మీకు వినపడుతుందా? అలాగేనండీ" అని పెరుగన్నం కలుపుకుంది.

నా పైప్రాణాలు పైనే పోతుంటే దీనికి ఫ్యానట! రెండు రోజులు మాట్లాడలేదు. ఆదివారానికి మళ్ళీ గట్టు మీద ఉన్నాను, మళ్ళీ ఊదుతున్నాను.

ఇంకొకటి చెప్పాలి. నీళ్ళలోకి దిగేముందు హైమవతి మెడలోంచి పుస్తెలతాడు తీసి నా చొక్కా జేబులో వేస్తుంది. తెరచాప తాడు దానికి తగులుకుంటే మెడకి ఉరి పడుతుందని నవదీప్ చెప్పిన జాగ్రత్త. మంచి జాగ్రత్తే, కాదనను. కానీ అది ఆవిడ మెడలోంచి వచ్చేది ఎప్పుడో మనకి తెలిసిన ఆచారం ఒకటే. అది గుర్తొస్తే నేను పోయినట్టు, జేబు తడుముకుంటే ఆవిడ పోయినట్టు ఉంటుంది నాకు. పెళ్ళాం పుస్తెలు జేబులో పెట్టుకుని ఏటిగట్టున నిలబడే మొగుణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. పరుగు అయ్యేదాకా ఎడం చెయ్యి జేబు మీదే, కుడి చేతిలో విజిల్.

మొన్న జూన్‌లో జరిగింది ఇది.

మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ చేసింది. "ఏమండీ, హాఫ్ డే పెట్టాను. ఇవాళ పెద్దదొస్తుందంటున్నారు. మీరు రానక్కర్లేదు." ఎప్పుడూ రానక్కర్లేదనే అంటుంది. నేను సెలవు చీటీ మీద సంతకం పెడుతుండగా గురుగ్రామ్ ఆఫీసు నుంచి ప్రవల్లిక ఫోను.

"పాపా, ఆరెంజ్ అలర్ట్ ఆయా హై. విండోస్ బంద్ కర్ లేనా. మమ్మీ కహా హై?"

గాలిదుమారం హెచ్చరిక వచ్చిందట, కిటికీలు మూసుకోమని, అమ్మ ఎక్కడని అడుగుతోంది. నేను నీళ్ళు నమిలాను. దానికి అర్థమైపోయింది.

"ఫిర్ సే యమునా? పాపా, ఆప్ రోక్తే క్యోం నహీ?"

"ఆపితే ఆగే మనిషైతే ఇంతదాకా ఎందుకొస్తుందే?"

"తో ఆప్ సాథ్ రెహనా. ప్లీజ్" అంది. అమ్మకి తోడుండమని నన్ను బతిమాలుతోంది. భయం నా ఒక్కడి రోగం కాదని అప్పుడు తెలిసింది, సంతోషించాలో ఏడవాలో తెలీలేదు.

కారులో మేం చేరేసరికి గట్టు మీద ఆకు కదలడం లేదు. ఎప్పుడూ తిరిగే గద్దలు ఒక్కటీ లేవు. ఎండ పసుపు పచ్చగా ఉంది, నీళ్ళమీద నురగ కదలకుండా అతుక్కున్నట్టు ఉంది. అవతలి ఒడ్డున నోయిడా మేడలు మసగ్గా ఉన్నాయి. ఇంత నిశ్శబ్దంగా ఉన్న చోట మంచి జరగడం నేనెన్నడూ చూడలేదు.

"మేడమ్‌జీ, ఏక్ రన్. బస్ ఏక్" అన్నాడు నవదీప్, ఆయన మొహంలో కూడా నవ్వు లేదు. "మై డ్రమ్ కే పాస్ ఖడా రహూంగా." ఒక్క పరుగే, తను పీపాల దగ్గర కాపలా ఉంటాడట.

"ఠీక్ హై" అంది హైమవతి. లైఫ్ జాకెట్ బిగించుకుంది. పుస్తెలతాడు తీసి నా జేబులో వేసింది. వేస్తూ నా చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది.

"హైమా, ఇవాళ వద్దే" అన్నాను.

"భయపడకండి" అంది. చెబితే తగ్గేదైతే నేనెప్పుడో బాగుపడేవాణ్ణి.

ఆవిడ పడవని మెల్లగా తెడ్డేసుకుంటూ స్తంభం దగ్గరికి పోయింది. నవదీప్ మోటారు పడవ పీపాల వైపు బయల్దేరింది. స్తంభానికీ పీపాలకీ మధ్యలో గట్టు కాస్త ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. నేను ఆ మూపు మీద నిలబడ్డాను. అటు హైమవతీ కనిపిస్తుంది, ఇటు నవదీపూ కనిపిస్తాడు. వాళ్ళిద్దరికీ మాత్రం ఒకరికొకరు కనపడరు, ఆవిడ ఈ మూపు దాటి వచ్చాకే ఆయన కనపడాలి.

నవదీప్ మూపు దాటాడు. దాటి, కాస్త దూరం పోయేసరికి మోటారు గొంతు మారింది. మూలిగింది. ఆగిపోయింది. పైనుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క దుబ్బు ఒకటి దారికడ్డంగా ఉంది, దాని వేళ్ళు మోటారు పంకాకి చుట్టేసుకున్నాయి. నవదీప్ వెనక్కి వంగి కత్తితో కోస్తున్నాడు. తల ఎత్తి నా వైపు చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. వద్దని చెప్పమని.

పీపాల దగ్గర ఎవరూ లేరు.

స్తంభం వైపు తిరిగాను. హైమవతి వెనక, చెట్ల పైన, ఆకాశం లేదు. దాని స్థానంలో గోధుమరంగు గోడ ఉంది, అది నడుస్తోంది. విజిల్ నోట్లో పెట్టుకుని మూడు కూతలు కూశాను. హైమవతి ఎడం చెయ్యి ఎత్తి ఊపింది.

మళ్ళీ మూడు. మళ్ళీ చెయ్యి.

"అది కాదే! ఇవాళ నిజంగానే!" అని అరిచాను. అరుపు ఆవిడకి అందలేదు. ఫోన్ చేద్దామంటే ఆవిడ సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. ఇక ఊదడం తప్ప నాకేం తెలుసు? ఊపిరి ఆడనివ్వకుండా మూడు, మూడు, మూడు ఊదాను. నా బతుకులో మొదటిసారి సరైన కారణానికి ఊదుతున్నాను, దాన్ని నమ్మే మనిషి లేదు. ఆ తప్పు ఆవిడది కాదని నాకు తెలుసు.

గాలి వచ్చింది. మొదట చెట్ల మీద, తర్వాత నా వీపు మీద. ఎవరో రెండు చేతులతో తోసినట్టు ముందుకి తూలాను. తెరచాప టప్పుమని నిండింది, పడవ లేచింది. లేచిందంటే నిజంగా లేచింది, ముక్కు గాల్లో, వెనక కొస మాత్రం నీళ్ళని తాకుతోంది. హైమవతి బయటికి వాలిపోయి నీళ్ళమీద పడుకున్నట్టుంది. నా ముందునుంచి, నేను చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లోంచి దాటిపోయింది. చప్పుడు లేదు. ఆవిడ చెప్పినట్టే, చప్పుడు లేదు. బట్టల షాపులో గుడ్డ చింపినట్టు సన్నగా ఒక్క సవ్వడి. ఆవిడ నన్ను చూడలేదు, ముందుకే చూస్తోంది. ఆ మొహం నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

అంతలో దుమ్ము కమ్మేసింది. పడవ లేదు, నది లేదు, నవదీప్ లేడు.

నేను పరిగెత్తాను. పీపాల వైపు, గట్టు వెంట, ఊదుకుంటూ. కళ్ళలో ఇసుక. వేపకొమ్మ ఒకటి ఎక్కడో దగ్గర్లో ఫెళ్ళున విరిగింది. ఆవిడకి మూపు దాటాక నవదీప్ కనపడాలి. కనపడకపోతే? దుమ్ములో ఉన్నాడులే అనుకుంటుంది. పీపాలు కనపడకపోతే? ఇంకా దూరముందిలే అనుకుంటుంది. గేట్ల కింద మాయమైపోయే ఆ పచ్చ దుబ్బులే కళ్ళముందు. ఊదుతూనే ఉన్నాను. కాలు దేనికో తగిలి బోర్లాపడ్డాను. నోట్లో దోసెడు మట్టి. లేచి విజిల్ పెట్టుకుని ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు, లోపల ఇసుక ఇరుక్కుంది. దులిపాను, మళ్ళీ ఊదాను. నాలోనే ఊపిరి లేదు. అరుద్దామంటే మాట లేదు.

అలా మోకాళ్ళ మీద కూలబడిపోయాను. చుట్టూ గోధుమరంగు తప్ప ఏమీ లేదు. ఎడం చెయ్యి జేబు మీద ఉంది. జేబులో పుస్తెలు చేతికి గట్టిగా తగులుతున్నాయి. అన్నవరం సత్యనారాయణస్వామీ, నేను దీన్ని తిరిగి ఎవరి మెడలో వెయ్యాలి? నలభై వద్దు, నాలుగు వద్దు, నా హైమవతిని నాకిచ్చెయ్యి. ఏడుస్తున్నానని బుగ్గల మీద మట్టి బురదైనప్పుడు తెలిసింది.

"ఏమండీ!"

ముందు భ్రమ అనుకున్నాను.

"ఏమండీ! ఎక్కడున్నారండీ! ఏమండీ!"

నీళ్ళవైపునుంచి, గుర్రపుడెక్కలోంచి, నాలుగు కాళ్ళమీద ఒక ఆకారం పైకి పాకుతోంది. నడుం దాకా నల్లటి బురద, ఒక కాలికి బూటు లేదు, కళ్ళజోడు లేదు. నన్ను చూసి లేచి పరిగెత్తుకొచ్చి మీద పడింది. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. గుండె మీద చెయ్యి పెట్టి నొక్కింది.

"ఎక్కడ నొప్పి? ఎడంవైపా? చెయ్యి లాగుతోందా? మాట్లాడండి! నవదీప్‌జీ! కోయీ హై? అయ్యో, మాట్లాడండీ!"

నోటినిండా మట్టి, ఏం మాట్లాడను? ఆవిడ ఏడుస్తోంది. హైమవతి భయపడితే ఎలా ఉంటుందో నేను ఎరగను. ప్రవల్లిక పుట్టినప్పుడు కూడా ఆవిడ పడలేదు, నేనే పడ్డాను. ఇప్పుడు ఆవిడ చేతులు నా చేతుల్లాగే వణుకుతున్నాయి. మట్టి ఉమ్మేశాను.

"నాకేం కాలేదే. నీకేమైంది?"

"మరి ఊదడం ఎందుకాపారు?" అని అరిచింది. నిజంగా అరిచింది. నా భుజం మీద పిడికిలితో ఒక్కటిచ్చింది. "ఎందుకాపారు?"

దుమ్ము పలచబడేదాకా అక్కడే కూర్చున్నాం. చెబుతుంటే ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి, ఆ జూన్ వేడిలో. పడవ వేగం చూపించే చేతి గడియారంలో అంకె పైకి పోతూనే ఉందట. పీపాలు కనపడలేదట, నవదీప్ ఆ దుమ్ములో ఎక్కడో ఉన్నాడనే అనుకుందట. ఇంకాస్త పోవచ్చులే అనుకుందట.

"అంతలో ఏదో తేడా కొట్టిందండీ. ఏమిటో తెలీలేదు. పడవ బాగానే ఉంది, గాలి బాగానే ఉంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే గాఢనిద్రలో కూడా మెలకువ వచ్చేస్తుంది చూడండి, అలా. అప్పుడు తెలిసింది, మీరు ఊదట్లేదని. మీకేదో అయిపోయిందనుకున్నాను. తాడు వదిలేశాను."

తాడు వదలగానే తెరచాప ఖాళీ అయిపోయి, పడవ ఆవిడ వైపే ఒరిగి బోర్లాపడిందట. దాని గొడవ పట్టించుకోకుండా గుర్రపుడెక్కలోంచి గట్టుకి పాకింది.

దుమ్ము తేలిపోయాక చూశాం. పడవ బోర్లాపడి, మెల్లగా కొట్టుకుపోయి, ఎర్ర పీపాల గొలుసుకి ఆనుకుని ఉంది. ఆవిడ గట్టెక్కిన చోటునుంచి పీపాలకి మా క్వార్టర్ వరండా అంత దూరం కూడా లేదు. అవతల గేట్లు కింద నీళ్ళు మింగుతూనే ఉన్నాయి. హైమవతి వాటివంక చూసింది. చాలాసేపు చూసింది. నా చొక్కా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

నవదీప్ మోటారు విడిపించుకుని వచ్చాడు. పడవ ఎక్కడ ఆగిందో చూశాడు, ఆవిడని చూశాడు, రెండు చెవులూ పట్టుకుని "వాహెగురు" అన్నాడు.

గడియారం అద్దం మీద బురద నేనే తుడిచాను. ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు. అప్పుడు నాకు కలిగినది ఏమిటో చెబితే నమ్మరు. అయ్యో అనిపించింది. ఇన్నేళ్ళు అది దాటకూడదనే నేను కోరుకున్నాను.

"ఇంకో నాలుగు కూతలు ఊది ఉంటే దాటేసేదానివే" అన్నాను, నవ్వించడానికి.

ఆవిడ నవ్వలేదు. పీపాల వంకే చూస్తోంది.

జేబులోంచి పుస్తెలతాడు తీశాను. మెడలో వేద్దామంటే నా వేళ్ళు కుదురుగా లేవు, కొక్కెం పడలేదు. ఆవిడ ప్రయత్నించింది, ఆవిడకీ పడలేదు. చివరికి నా గుప్పిట్లోనే ఉంచుకుని కారెక్కాను.

కాళిందీకుంజ్ దాటేసరికి వాన చినుకులు మొదలయ్యాయి. కూలిన చెట్లతో రోడ్డంతా జామ్. నేను మామూలుగా నడిపేదానికంటే మెల్లగా నడుపుతున్నాను. ఎప్పుడూ అయితే "సైకిళ్ళు దాటిపోతున్నాయండీ" అని వెక్కిరిస్తుంది. ఇవాళ ఒంటినిండా బురదతో సీట్లో ముడుచుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగాం.

"ఊదండి" అంది.

"ఏమిటి?"

"విజిల్. ఒకసారి ఊదండి."

"ఇక్కడా? ట్రాఫిక్ పోలీసున్నాడే."

"ఊదండి."

విజిల్ దులిపి, నీళ్ళ సీసాతో కడిగి, నోట్లో పెట్టుకున్నాను. మూడు కూతలు. కూడలి మధ్యలో తడుస్తున్న పోలీసు ఉలిక్కిపడి మా కారు వైపు తిరిగాడు. పక్క స్కూటరువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చలానా రాస్తాడేమో! విజిల్ తీసేద్దామని చెయ్యెత్తాను.

హైమవతి కళ్ళు మూసుకుని, తల వెనక్కి ఆనించి ఉంది.

"ఆపకండి" అంది.